దీపాలు చూసి బోర్డు కొనకండి

కంప్యూటరు కొనే ఇంట్లో జరిగే మాటలు ఎప్పుడైనా విన్నారా? అచ్చం పెళ్ళిచూపుల్లాగే ఉంటాయి. "ప్రాసెసరు ఏది? ఎన్ని కోర్లు? ఎన్ని గిగాహెర్ట్జులు?" అని అడిగేవాళ్ళే గాని, ఆ ప్రాసెసరు ఏ ఇంట్లో కాపురం ఉండబోతోందో, దానికి వేళకు తిండి పెట్టేదెవరో, ఒళ్ళు వేడెక్కితే చూసుకునేదెవరో అడిగేవాళ్ళు ఒక్కరూ కనబడరు. కుర్రాడి జీతం కనుక్కుని, ఇంటి సంగతి కనుక్కోకుండా పిల్లనిచ్చేసినట్టు!

ఆ తిండి పెట్టేది, అందరి మధ్యా కబుర్లు మోసేది, పెట్టె గోడకి అంటుకుని ఎవరి కంటా పడకుండా రాత్రింబవళ్ళు చాకిరీ చేసేదీ మదర్ బోర్డు. పేరు పెట్టినవాడెవడో గాని లోకం తెలిసినవాడే. పేరులో తల్లిని పెట్టాడు. జనం కూడా తల్లికి చేసే మర్యాదే దానికీ చేస్తున్నారు. డబ్బంతా ప్రాసెసరుకీ, ఆటల కార్డుకీ పోసి, చివర్లో మిగిలిన చిల్లరతో "ఏదో ఒక బోర్డు పడెయ్యండి" అంటున్నారు.

ఈ పద్ధతి తప్పని నేనంటాను. మామూలు వేగంతో నడిపించేవాళ్ళకే తప్పు. కాస్త వేగం పెంచి నడిపిద్దామనుకునేవాళ్ళకైతే మరీ తప్పు. కంప్యూటర్ల గొడవ మనకెందుకని ఈ పేజీ తిప్పెయ్యకండి. పిల్లల ప్రాజెక్టులూ, ఇంటి లెక్కలూ, ఇరవయ్యేళ్ళ ఫొటోలూ ఉన్నది ఆ పెట్టెలోనే. అది చెడితే ఏడ్చేది మనమే.

ముందుగా ఈ వేగం పెంచడం అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. తయారుచేసినవాళ్ళు ప్రతి ప్రాసెసరుకీ ఇంత వేగమని ఒక హద్దు పెట్టి పంపిస్తారు. ఆ హద్దు దాటించి పరుగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. కొందరు దీన్ని పందెంలా ఆడతారు. ద్రవ నైట్రోజన్ పోసి మరీ రికార్డులు పెడతారు. వాళ్ళ సంగతి మనకి వద్దు. ఇంట్లో రోజూ పని చేసుకునే మనిషి నూటికి అయిదు వంతులో, మహా అయితే పది వంతులో పెంచుకుంటుంది. మితంగా పెంచడం అంటే అదే.

ఇప్పుడు ఒక లెక్క వెయ్యండి. నూటికి అయిదు పెరిగితే గంట పట్టే పని 57 నిమిషాల్లో అవుతుంది. మిగిలింది మూడు నిమిషాలు. బాగానే ఉంది, ఊరికే వస్తే ఎవరు కాదంటారు? కాని ఊరికే రాదు. వేగం పెంచాలంటే ప్రాసెసరుకిచ్చే వోల్టేజి కూడా పెంచాలి. అది వాడుకునే కరెంటు వేగంతో సమంగా పెరుగుతుంది, వోల్టేజితో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం నూటికి 5 పెంచడానికి వోల్టేజి నూటికి 8 పెంచాల్సి వచ్చిందనుకోండి. 1.05ని 1.08 చేత రెండుసార్లు గుణించండి. 1.22 వస్తుంది. అంటే అయిదు వంతుల పరుగుకి ఇరవై రెండు వంతుల తిండి!

ఆ అదనపు తిండి వండి వార్చేదెవరు? బోర్డే.

గోడ ప్లగ్గులో కరెంటు 230 వోల్టులు. పెట్టెలోని పవర్ సప్లై దాన్ని 12 వోల్టులు చేసి బోర్డుకిస్తుంది. ప్రాసెసరు పసిబిడ్డ, దానికి ఆ 12 కూడా అరగదు. ఒక వోల్టు, ఒకటింబావు వోల్టు చాలు. ఆ 12ని ఒకటింబావు చేసే భాగం బోర్డు మీద ప్రాసెసరు చుట్టూ ఉంటుంది. వోల్టేజి రెగ్యులేటర్ అనీ, పొట్టిగా వీఆర్ఎం అనీ అంటారు. వోల్టులు తగ్గినకొద్దీ ఆంపియర్లు పెరుగుతాయి గదా. 142 వాట్లు తినే ప్రాసెసరుకి 1.2 వోల్టుల చొప్పున ఇవ్వాలంటే దాదాపు 118 ఆంపియర్లు పారాలి. మన స్నానాలగదిలో 2,000 వాట్ల గీజరు తీసుకునేది తొమ్మిది ఆంపియర్ల లోపే. దానికే మనం లావు తీగ, పెద్ద ప్లగ్గు పెట్టిస్తాం. ఆ గీజరు కరెంటుకి పదమూడు రెట్లు, అరచేయంత జాగాలో, సన్నటి రాగి రేకుల మీద పారుతోందన్నమాట. ఇంత పని చేసే భాగం ఎలా ఉందో చూడకుండా బోర్డు కొనేవాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి.

మన మిక్సీ సంగతి తెలుసుగా? అడుగున 30 నిమిషాల రేటింగని రాసి ఉంటుంది. గారెల పిండి ఆపకుండా రుబ్బితే మోటారు కాలిన వాసనేసి ఆగిపోతుంది. అడుగునున్న ఎర్ర మీట నొక్కితే గాని మళ్ళీ తిరగదు. చవక బోర్డు మీది వీఆర్ఎం కూడా అంతే. అయిదు నిమిషాలు బ్రహ్మాండంగా పరుగెడుతుంది. కొట్లో మీకు చూపించేది ఆ అయిదు నిమిషాలే. అరగంట గడిచేసరికి వేడెక్కి, తనని తాను కాపాడుకోవడానికి ప్రాసెసరు వేగాన్ని తగ్గించేస్తుంది. మీరు పెంచిన వేగం కాదు, అసలు వేగం కూడా దక్కదు. ఇది కాస్త బుద్ధిగల బోర్డు సంగతి. బుద్ధిలేని బోర్డయితే తగ్గించదు, తడబడుతుంది.

తడబడితే ఏమవుతుందో మా అక్కయ్య ఇంట్లో చూశాను. ఆవిడ ఇంట్లోనే సంగీతం పాఠాలు చెప్తుంది. అమెరికాలో ఉన్న పిల్లల కోసం వర్ణాలూ, కృతులూ రికార్డు చేసి, కత్తిరించి, సర్ది పెట్టుకుంటుంది. ఆవిడ కంప్యూటరు బిగించిన కుర్రాడు మంచి ప్రాసెసరే వేశాడు, రైజెన్ 7 5800ఎక్స్. దాన్ని పట్టుకెళ్ళి, వీఆర్ఎం మీద గోరంత లోహపు పలక కూడా లేని బోర్డులో కూర్చోబెట్టాడు. అది చాలదన్నట్టు, "ఆంటీ, మీకు స్పీడు పెంచి ఇస్తున్నాను" అని అన్ని కోర్లకీ 4.6 గిగాహెర్ట్జులు పెట్టి వెళ్ళాడు. 

ఏడాదిపాటు అంతా బాగానే ఉన్నట్టుంది. వారానికోసారి తెర నీలంగా మారి దానంతటదే మళ్ళీ మొదలయ్యేది. "కంప్యూటర్లన్నాక అంతే కాబోలు" అనుకుంది అక్కయ్య. తరవాత ఒక వేసవిలో పాత పాఠాలు తెరవబోతే కొన్ని తెరుచుకోలేదు. కొన్నింట్లో ఆలాపన మధ్య టక్కుటక్కుమని చప్పుళ్ళు. పోనీ వేరే డిస్కులో దాచినవి ఉన్నాయిగా అని అవి తీస్తే, చెడ్డవాటినే భద్రంగా నకలు తీసి దాచుకున్నట్టు తేలింది. వాటిలో మా అమ్మ పాడినవి నాలుగున్నాయి. అమ్మ ఇప్పుడు లేదు.

నా కోపం తెర నీలం కావడం మీద కాదు. అది మంచిదే, కనీసం అరిచి చెప్పింది. అరవకుండా జరిగేదే అసలు ప్రమాదం. వోల్టేజి ఒక్క క్షణం జారితే ప్రాసెసరు లెక్క తప్పుతుంది. ఆ తప్పు లెక్కనే ఒప్పనుకుని డిస్కు మీద రాసేస్తుంది. మన ఇళ్ళల్లోని మామూలు కంప్యూటర్లలో దాన్ని పట్టుకునేవాళ్ళు సాధారణంగా ఉండరు. చాప కింద నీరులా పాకిపోతుంది. ఒక పద్దులో అంకె మారొచ్చు, ఒక ఫొటోలో సగం బూడిద రంగు పడొచ్చు. మూడు నిమిషాల లాభానికి ఇదీ మూల్యం.

తప్పు ప్రాసెసరుదంటారా? అదే ప్రాసెసర్ని తీసి వేరే బోర్డులో పెట్టి, అదే 4.6 వేగంతో మూడు రాత్రులు పరీక్ష పెట్టాం. ఒక్క తప్పు రాలేదు. బిడ్డ మంచిదే, తిండి పెట్టిన చెయ్యే వణికింది.

ఆ కొత్త బోర్డు కోసం అక్కయ్యా, నేనూ, వాళ్ళబ్బాయీ కలిసి ఒక కొట్టుకి వెళ్ళాం. అడిగింది నేను, జవాబు చెప్పింది మావాడికి! అడిగేది ఆడది, అందులోనూ జుట్టు నెరిసిన ఆడది అయ్యేసరికి కొట్టువాళ్ళ చూపు పక్కనున్న మీసాల మీదికి పోతుంది. 

"ఇది తీసుకోండి బ్రదర్, లైట్లు సూపర్‌గా ఉంటాయి" అని ఒక డబ్బా తెరిచి స్విచ్చి వేశాడు. దీపావళి వచ్చింది. ఎరుపూ, నీలం, ఆకుపచ్చా, అంచుల చుట్టూ పరుగెడుతున్నాయి.

"వీఆర్ఎం మీద ఉన్నది లోహమా, ప్లాస్టిక్కా?" అన్నాను.

"హెవీ డిజైన్ ఆంటీ."

"డిజైను సరే నాయనా. లోహమా, ప్లాస్టిక్కా?"

అతను గోటితో తట్టి చూశాడు. డొక్కు చప్పుడయింది. అక్కయ్య సంగీతం చెవి గనక ముందే నవ్వేసింది.

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. దీపాలంటే నాకేం పగలేదు. పండగపూట పెట్టుకుంటే అందమే. కాని ఆ దీపాలకీ, ఆ తొడుగులకీ పెట్టిన డబ్బు ఎక్కణ్ణుంచి తీశారన్నదే నా ప్రశ్న. ఒకే ధరలో రెండు బోర్డులుంటే, మెరిసేదానికన్నా బరువైనదాన్ని చూడండి. పలకలు పలకలుగా గాడులు తీసిన అల్యూమినియం ఉంటే గాలి తగిలి వేడి పోతుంది. నున్నగా, బొమ్మలేసి, పేర్లు చెక్కి ఉన్న మూత అందానికే. ఒక్కోసారి వేడిని లోపలే మగ్గబెడుతుంది కూడా.

ఇక అంకెల మోసం ఇంకొకటి. డబ్బా మీద "12 + 2 ఫేజులు", "16 + 2 ఫేజులు" అని పెద్దక్షరాల్లో వేస్తారు. ఫేజు అంటే ఆ వంటింట్లో ఒక పొయ్యి అనుకోండి. ఎన్ని పొయ్యిలుంటే ఒక్కోదాని మీద అంత భారం తగ్గుతుంది, నిజమే. కాని 16 అని రాసినచోట చాలాసార్లు ఉండేది ఎనిమిది జతలే. ఒకే ఆజ్ఞకి రెండేసి కలిసి పని చేస్తాయి. అది తప్పు కాదు, బాగా చేస్తే బాగానే పని చేస్తుంది. అయితే ఒక్కో పొయ్యి ఎంత మంట ఇవ్వగలదో చెప్పకుండా పొయ్యిల లెక్క మాత్రం చెప్పడం మాయమాట. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మనకి తెలియదా? 90 ఆంపియర్ల భాగాలు ఆరున్న బోర్డు, నాసివి పన్నెండున్న బోర్డుకన్నా మేలు కావచ్చు. అడగవలసింది "ఎన్ని?" ఒక్కటే కాదు, "ఒక్కోటి ఎంత?" అని కూడా.

ఓవర్‌క్లాకింగ్ చరిత్రలో కూడా తల్లికి ఇదే అన్యాయం జరిగింది. 1998లో ఇంటెల్ వాళ్ళది సెలెరాన్ 300ఎ అని ఒక చవక ప్రాసెసరు వచ్చింది. వేగం 300 మెగాహెర్ట్జులు. జనం దాన్ని 450కి పరుగెత్తించి, ఖరీదైన ప్రాసెసర్లతో పోటీ పెట్టారు. ఈనాటికీ ఆ కథ చెప్పుకుంటారు. కాని అది జరిగిందెలా? ఆ ప్రాసెసరు గుణకం నాలుగున్నర. దాన్ని మార్చే వీలు లేదు. మారింది బోర్డు ఇచ్చే తాళం. 66 మెగాహెర్ట్జుల తాళానికి నాలుగున్నర రెట్లు 300, నూరు మెగాహెర్ట్జుల తాళానికి 450. ఆ నూరు తాళాన్ని తప్పకుండా వేయగలిగిన 440బిఎక్స్ చిప్‌సెట్టు బోర్డులు అప్పుడే వచ్చాయి. ఎబిట్ వాళ్ళ బిహెచ్6 అనే బోర్డులోనైతే పిన్నులు మార్చే పని లేకుండా తెర మీదే వేగం మార్చుకునే వీలుండేది. తాళం వేసింది బోర్డు, చప్పట్లు ప్రాసెసరుకి! కచేరీలో మృదంగం ఆయన్ని మరిచిపోవడం మనకి కొత్త కాదు గాని, తాళం తప్పిన రోజున గాయకుడేం పాడతాడు?

అయితే బోర్డంటే ఎంత పెడితే అంత మంచిదనీ, ధారాళంగా కరెంటిచ్చేదే గొప్పదనీ అనుకోకండి. అతి పెట్టుడు కూడా హానే. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డి రకం ప్రాసెసర్లు కొన్ని సాకెట్టులోనే కాలిపోయాయని గగ్గోలయింది. మెమరీ వేగం పెంచినప్పుడు కొన్ని బోర్డులు ఎస్ఓసి అనే భాగానికి అవసరానికి మించి వోల్టేజి ఇస్తున్నాయని తేలింది. ఏఎండి వాళ్ళు 1.3 వోల్టులు దాటకూడదని గీత గీశారు.

2024లో ఇంటెల్ వాళ్ళ 13, 14 తరాల ప్రాసెసర్ల వంతు వచ్చింది. ఎక్కువ శక్తిగలవి కొన్ని కుప్పకూలడం మొదలెట్టాయి. ప్రాసెసరే అవసరాన్ని మించిన వోల్టేజి అడుగుతోందని కంపెనీ ఒప్పుకుని ఆగస్టులో సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. ఆ తరవాత సెప్టెంబరులో చెప్పిన కారణాల్లో ఒకటి, బోర్డులవాళ్ళు తాము సూచించిన పరిమితులు దాటి కరెంటు సెట్టింగులు పెట్టడం. అంటే మీరు ఏ మీటా నొక్కకపోయినా, మీకు చెప్పకుండా మీ బోర్డే వేగం పెంచి నడిపిస్తోందన్నమాట! పోటీ పరీక్షల్లో పక్క కంపెనీ బోర్డుకన్నా ఒక్క మార్కు ఎక్కువ తెచ్చుకోవాలన్న ఆరాటం. ఆ సవరణ ముందు జాగ్రత్తకే గాని, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్లని బాగుచెయ్యలేదు. పిల్లాడికి ఫస్టు ర్యాంకు రావాలని అర్ధరాత్రి దాకా కాఫీలు పట్టించే తల్లిని చూసి మెచ్చుకుంటామా?

కాబట్టి స్థిరమైన బోర్డంటే నా దృష్టిలో రెండు గుణాలుండాలి. అడిగినంత ఇవ్వగల సత్తువ ఒకటి. అడగనిది ఇవ్వకుండా ఉండే బుద్ధి రెండోది. మొదటిది రాగిలో, లోహంలో ఉంటుంది. రెండోది బయాస్‌లో, అంటే బోర్డు లోపలి సెట్టింగుల్లో ఉంటుంది. కంపెనీవాళ్ళు బయాస్ సవరణలు ఎంత శ్రద్ధగా, ఎన్నేళ్ళపాటు ఇస్తున్నారన్నది దీపాలకన్నా వెయ్యి రెట్లు ముఖ్యం. అదృష్టవశాత్తూ అది దాచేది కాదు. ప్రతి బోర్డుకీ ఏ తేదీన ఏ సవరణ వచ్చిందో కంపెనీవాళ్ళే పట్టిక వేసి చూపిస్తారు. కొనేముందు పది నిమిషాలు కూర్చుని చదువుకోవచ్చు.

మనకి ఇంకొక చిక్కుంది, అది మన ఎండలు. బోర్డుల గుణదోషాలు చెప్పే పరీక్షలు చాలావరకు 20, 25 డిగ్రీల చల్లటి గదుల్లో జరిగేవి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గది 37, 38 ఉంటుంది. అక్కడ 85 డిగ్రీలు చూపించిన వీఆర్ఎం ఇక్కడ దాదాపు వందకి చేరుతుంది. పాతరకం అల్యూమినియం కెపాసిటర్లకి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల స్థూలమైన లెక్క. 2000 తరవాత కొన్నేళ్ళపాటు నాసిరకం కెపాసిటర్లు పొంగి, పగిలి, ప్రపంచమంతటా బోర్డులు చచ్చిపోయిన సంగతి ఆ రోజుల్లో కంప్యూటర్లు బాగుచేసినవాళ్ళనడిగితే చెప్తారు. ఇప్పుడు మంచి బోర్డుల మీద వీఆర్ఎం చుట్టూ ఘన పాలిమర్ కెపాసిటర్లు వేస్తున్నారు. అవి ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్న తరవాత ఏడాదికి రెండుసార్లయినా పెట్టెలో దుమ్ము దులపండి. ఫ్రిజ్జు వెనక దులిపే చేతులకి ఇదో లెక్క కాదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అసలు వేగం పెంచకుండా ఉంటే సరిపోదా?" అని అడిగే అక్కయ్యలున్నారు. న్యాయమైన మాటే. నిజానికి ఇప్పటి ప్రాసెసర్లు పని ఎక్కువైనప్పుడు తమంతట తామే హద్దులోపల వేగం పెంచుకుంటాయి. చాలామందికి అది చాలు. వేగం పెంచితే వారంటీకి ఇబ్బంది రావచ్చన్నదీ నిజమే. కాని వేగం పెంచకపోయినా బోర్డు బాగుండాలి. కోర్ ఐ5 14600కె మూల శక్తి 125 వాట్లని రాసి ఉంటుంది. పని మీద ఉన్నప్పుడు అది 181 వాట్లదాకా తీసుకోవచ్చని ఇంటెల్ వాళ్ళే చెప్తారు. పెంచినా పెంచకపోయినా ఆ బరువు మోసేది బోర్డే. మితంగా పెంచడానికి సరిపోయే బోర్డు, పెంచనివాళ్ళ ఇంట్లో పదేళ్ళు నిశ్చింతగా ఉంటుంది. 

రెండో రకంవాళ్ళు ఇంకా తేలిగ్గా తేల్చేస్తారు. "అన్నిటికన్నా ఖరీదైనది కొనేస్తే పోలా?" పోదు. ఆ ఖరీదైన బోర్డులు 200, 250 వాట్లు తినే ప్రాసెసర్ల కోసం, నాలుగైదు డిస్కులు పెట్టేవాళ్ళ కోసం చేసినవి. ఆరు, ఎనిమిది కోర్ల ప్రాసెసరుకి అంత బోర్డు, ఇద్దరు మనుషుల ఇంట్లో పెళ్ళి గుండిగలో అన్నం వండినట్టు. మధ్యరకం బోర్డుల్లోనే నిజాయితీగా చేసినవి ఉన్నాయి. వెతకాలి, అంతే. నా లెక్కలో ప్రాసెసరుకి మూడు రూపాయలు పెడితే బోర్డుకి రెండు రూపాయలు పెట్టాలి. అర్ధరూపాయి పెట్టి ఊరుకుంటామంటే వేగం పెంచే మాటే ఎత్తకూడదు.

సరే, కొట్టుకి వెళ్ళి ఏమడగాలి? మొదట, ఈ బోర్డు వేగం పెంచనిస్తుందా లేదా అని. ఇంటెల్ వాటిలో పేరు చివర కె అక్షరమున్న ప్రాసెసరు, దానికి జెడ్ అక్షరంతో మొదలయ్యే చిప్‌సెట్టు, రెండూ ఉండాలి. కె ప్రాసెసరు కొని బి760 బోర్డులో పెడితే ప్రాసెసరు గుణకం పెంచే వీలు లేదు. ఆ అక్షరానికి పెట్టిన అదనపు డబ్బు చాలావరకు దండగే. ఏఎండి వాళ్ళ దగ్గర ఇది కాస్త సులువు. బి550, బి650, బి850 లాంటి మధ్యరకం బోర్డులే పెంచనిస్తాయి. ఎ520, ఎ620 మాత్రం ప్రాసెసరు వేగం పెంచడానికి పనికిరావు. 

తరవాత వీఆర్ఎం సంగతి: ఒక్కో భాగం ఎన్ని ఆంపియర్లది, పైన ఉన్నది నిజమైన లోహమేనా అని. ఆ తరవాత లోడ్‌లైన్ సెట్టింగు. కింద వాటాలో కుళాయిలన్నీ తిప్పితే మేడ మీద ధార సన్నబడుతుంది చూశారా? ప్రాసెసరు మీద పని పడ్డప్పుడు వోల్టేజి కూడా అలాగే సన్నబడుతుంది. దాన్ని ఎంత నిలబెట్టాలో చెప్పే మెట్లు మంచి బోర్డులో ఉంటాయి. మధ్యమెట్టు చాలు, పైమెట్టు పెడితే పని ఆగిన క్షణంలో వోల్టేజి ఎగిరిపడుతుంది. ఆ పైన, సెట్టింగులు పాడైపోతే ఏం చెయ్యాలి అని అడగండి. వెనకవైపు ఒక్క బొత్తాం నొక్కితే మొదటికి తెచ్చే ఏర్పాటు కొన్ని బోర్డుల్లో ఉంది. ప్రాసెసరు లేకుండానే పెన్‌డ్రైవుతో బయాస్ మార్చే ఏర్పాటూ ఉంది. అవి ఉన్న బోర్డుకి వందలు ఎక్కువైనా ఇవ్వండి. చివరిగా మెమరీ. నాలుగు స్టిక్కులకన్నా పెద్దవి రెండు పెట్టుకోవడం నిలకడకి మంచిది.

ఇంటికి తెచ్చాక నమ్మి ఊరుకోవద్దు. వెనక్కి తీసుకునే గడువు దాటకముందే పరీక్ష పెట్టండి. ముందు ఏమీ పెంచకుండా, బయాస్‌లో కంపెనీ సూచించిన పరిమితులే ఉన్నాయో లేదో చూసి, మెమ్‌టెస్ట్86తో ఒక రాత్రి మెమరీని పరీక్షించండి. ఆ తరవాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ ప్రైమ్95 నడపండి. అది పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి రాసిన ప్రోగ్రాం. ముందే జవాబు తెలిసిన లెక్కల్ని గంటల తరబడి చేయించి, ప్రాసెసరు జవాబు ఒక్కటి తప్పినా పట్టిస్తుంది. ఆగిపోవడమే కాదు, తప్పు లెక్క కూడా దొరికిపోతుందన్నమాట. విండోస్ వాళ్ళ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పులు నమోదయ్యాయేమో చూడండి. ఒక్కటి కనిపించినా వేగం ఒక మెట్టు దించండి. ఎవరూ మెడల్ ఇవ్వరు గనక దించడానికి సిగ్గుపడక్కర్లేదు. ఈ పరీక్ష జనవరిలో గెలిచిందని మురిసిపోకండి. మే నెలలో మళ్ళీ పెట్టండి.

కొట్టువాళ్ళకి నేనొక మాట చెప్పదలిచాను. మీ దగ్గరికి వచ్చే ఆడవాళ్ళకి గిగాహెర్ట్జులు తెలియకపోవచ్చు. కాని కుక్కరు గాస్కెట్టు నాణ్యత, మిక్సీ మోటారు వాట్లు, ఇన్వర్టరు ఎన్ని ఫ్యాన్లు మోస్తుందో అన్నీ తెలుసు. అడిగి, తట్టి, బరువు చూసి కొనే అలవాటు మాకు పుట్టుకతో వచ్చింది. మీరు లోహమా, ప్లాస్టిక్కా చెప్పండి చాలు, మిగతాది మేం తేల్చుకుంటాం.

చదివే మీకు చెప్పేదిదీ. ఈసారి ఇంట్లో కంప్యూటరు మాట వచ్చినప్పుడు "ప్రాసెసరు ఏది?" అన్నది రెండో ప్రశ్న చెయ్యండి. మొదటి ప్రశ్న బోర్డు గురించి అడగండి. మగవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. కొట్టువాడు జవాబు చెప్పలేకపోతే స్విచ్చి కట్టమని, పక్క కొట్టుకి నడవండి.